వెంట్రుకవాసి లెక్క: బోరింగు పంపు మొదలు వ్యోమనౌక వరకు

గత వేసవిలో పర్యటన సందర్భమున ఒక చిన్న గ్రామమునకు పోయితిని. ఊరి నడుమనున్న బోరింగు పంపు ఆగిపోయి అప్పటికి పండ్రెండు దినములైనది. స్త్రీలు బిందెలు చంకనిడుకొని పొలములోని మోటారు కడకు మండుటెండలో నడచిపోవుచుండిరి. బోరులో నీరు ఇంకిపోయినదా యని విచారించితిని. నీరున్నదనియు, పిడికి వేసిన కొత్త బేరింగు మాత్రమే నిలువలేదనియు పెద్దలు చెప్పిరి. చౌకగా దొరకినదని ముద్రలేని సరకును కొనితెచ్చిరట. అది గూటిలో వదులుగా కూర్చున్నది. వదులు పోగొట్టుటకు పలుచని రేకుముక్క చుట్టి బిగించిరి. కొలది దినములలోనే రేకు అరిగినది, బేరింగు ఆడినది, దానితోపాటు గూడును అరిగినది. తుదకు పిడిభాగమంతయు మార్చవలసి వచ్చినది.

ఆ బేరింగునకును గూటికిని నడుమ తేడా ఎంత? మెకానిక్కు మాటలో అది “వెంట్రుకవాసి”. ఆ వెంట్రుకవాసియే ఒక ఊరి జనమును పండ్రెండు దినములు నీటికై తిప్పినది.

వెంట్రుకవాసిని లెక్కకు తెచ్చి, అదుపులో నుంచి, వస్తువును తయారుచేయు విద్యయే సూక్ష్మ యంత్రనిర్మాణము. చేతిగడియారము మొదలు చంద్రునిపై దిగిన నౌక వరకు నేటి నాగరికత యంతయు ఈ విద్యపై నిలచియున్నది. ఇది మహానగరములందలి శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినది కాదు. పంచాయతీ కొనెడు ప్రతి మోటారులోను, ప్రతి తూకపు యంత్రములోను ఈ విద్య యున్నది. కావున దీని మూలసూత్రములను గ్రామపెద్దలు తెలిసికొనుట అవసరము.

ఊరి పనివాని నేర్పు

ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా తొడుగుటను మీలో పెద్దవారు చూచియే యుందురు. కమ్మరి పట్టాను చక్రముకంటె రవంత చిన్నదిగా చేయును. పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చును. వేడికి ఇనుము సాగి పట్టా పెద్దదగును. అప్పుడు దానిని పట్టుకార్లతో ఎత్తి చక్రమునకు తొడిగి వెంటనే నీరు పోయుదురు. ఇనుము చల్లబడి ముడుచుకొని చక్రమును ఉడుముపట్టు పట్టును. ఎంత చిన్నదిగా చేయవలెనో కమ్మరి కంటికి తెలియును. మరీ చిన్నదైనచో ఎక్కదు, ఎక్కినను చక్రమును చిట్లజేయును. పెద్దదైనచో నాలుగు నాళ్లలో ఊడిపోవును. రైలుబండి చక్రములకు ఉక్కు పట్టాలు తొడుగుటలోను ఇదే సూత్రము వాడబడినది.

ఐనను ఈ నేర్పునకు ఒక హద్దు కలదు. ఒక చక్రమునకు చేసిన పట్టా వేరొక చక్రమునకు సరిపడదు. ఒకరి బండి ఇరుసు వేరొకరి బండికి పనికిరాదు. ప్రతి వస్తువును దాని జంటకు సరిచూచి చేసినదే. వేయి బండ్లకు ఒకే కొలత గల ఇరుసులను చేసి, దేనిని దేనికైనను వేసికొనవచ్చునని చెప్పగలిగిననాడే యంత్రయుగము ఆరంభమైనది. దానికి కన్ను చాలదు, కొలత వలయును. చేయి చాలదు, యంత్రము వలయును.

యంత్రములను కన్న యంత్రము

ఇంగ్లండులో జేమ్సు వాట్ తన ఆవిరి యంత్రమునకు 1769లో పేటెంటు పొందెను. కాని యంత్రము చాలకాలము సరిగా నడువలేదు. ఊహలో లోపము లేదు, లోపము సిలిండరులో నున్నది. ఆనాటి పనివారు చేసిన సిలిండరు లోపలి గుండ్రము సమముగా నుండెడిది కాదు. అందు కదలు ముషలమునకును గోడకును నడుమ సందుల గుండా ఆవిరి కారిపోయెడిది. జాన్ విల్కిన్‌సన్ అను ఇనుప కర్మాగార యజమాని ఫిరంగి గొట్టములను తొలుచుటకు కొత్త పద్ధతిని 1774లో కనిపెట్టెను. తరువాత సిలిండర్లను తొలుచు యంత్రమును నిర్మించెను. దానిలో తొలుచు కడ్డీకి రెండు వైపులను ఆధార ముండుటచే అది వంగదు, వణకదు. 50 అంగుళముల సిలిండరులో పొరపాటు ఒక పాత షిల్లింగు నాణెపు మందమునకు మించలేదని వాట్ భాగస్వామియైన బౌల్టను సంతోషించెను. 1776లో వాట్ యంత్రములు పనిలోనికి దిగినవి. నాణెపు మందమంత తప్పును నేటి కర్మాగారము క్షణకాలమైనను సహింపదు. కాని ఆనాడు లోకమును మార్చుటకు అంతమాత్రమే చాలినది.

తరువాతి పేరు హెన్రీ మాడ్‌స్లే. మన ఏటికొప్పాక లక్కబొమ్మల పనివారు తరిమెనపై కఱ్ఱను తిప్పుచు ఉలిని చేత పట్టుకొని చెక్కుదురు. ఆ పనితనము అందమైనది. కాని చేయి రవంత కదలినచో రూపు మారును. మాడ్‌స్లే 1800 ప్రాంతమున, లోహమును చెక్కు ఉలిని మనిషి చేతికి గాక ఇనుప పట్టునకు అప్పగించి, ఒక మరచుట్ల కడ్డీ దానిని సమవేగముతో నడుపునట్లు లేతు యంత్రమును తీర్చిదిద్దెను. దానితో ఒకే తీరు మరలు గల బోల్టులు ఎన్నియైనను చేయ వీలైనది. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరచుట్లకు ఒకే ప్రమాణమును ప్రతిపాదించెను. ఒక ఊరి నట్టు వేరొక ఊరి బోల్టునకు పట్టుట అప్పటినుండి సాధ్యమైనది.

ఇచట ఒక ధర్మసందేహము కలుగును. మంచి యంత్రమును చేయుటకు అంతకంటె మంచి యంత్రము వలయును గదా, మొదటిది ఎట్లు వచ్చినది? దీనికి ఉత్తరము సమతలపు పలకలలో నున్నది. రెండు ఇనుప పలకలను ఒకదానిపై నొకటి రంగు పూసి ఒరసి, అంటిన మిట్టలను గీకుచు పోయినచో రెండును కలియును. కాని అవి చదునైన వని చెప్పలేము. ఒకటి గుంటగాను, రెండవది దానికి తగిన ఉబ్బుగాను ఉండవచ్చును. అందుచే మూడవ పలకను తెచ్చి, మూడింటిని రెండేసి చొప్పున మార్చి మార్చి సరిచూతురు. ఏ రెంటిని కలిపినను సందు లేకుండ కలియుట, మూడును చదునైననే గాని సాధ్యము కాదు. ఇద్దరు ఒకరికొకరు సరిపుచ్చుకొనవచ్చును. మూడవ సాక్షి వచ్చినపుడే నిజము తేలును. ఇట్టి పలకల ఆధారముతోనే యంత్రములు తమకంటె మెరుగైన యంత్రములను కనుచు వచ్చినవి.

తేడా లేని వస్తువు లేదు

మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. మనిషి తల వెంట్రుక మందము మనిషిని బట్టి మారును. సుమారుగా 70 మైక్రానులని అనుకొందము. మంచి కర్మాగారములో సామాన్యముగా చేసెడు పనియే 10, 20 మైక్రానుల హద్దులో నుండును. అనగా వెంట్రుకను నిలువున ఏడు చీలికలు చేసినచో అందొక చీలికంత.

“సరిగ్గా ఇంతే” యను కొలత ప్రపంచమున లేదని ఈ విద్య మొదటి పాఠముగా చెప్పును. ఏ వస్తువులోనైనను కొంత తేడా యుండి తీరును. ఎంత తేడాను అనుమతింపవచ్చునో ముందుగా వ్రాతమూలముగా నిర్ణయించుకొనుటయే కౌశలము. దీనినే టాలరెన్సు అందురు. 25 మిల్లీమీటర్ల ఇరుసు కావలెనని మాత్రమే చెప్పిన చాలదు. 25కు ఎన్ని మైక్రానులు ఎక్కువయైనను, ఎన్ని తక్కువయైనను అంగీకరింతుమో చెప్పవలెను. దానిని పరీక్షించుటకు చదువుకూడ అక్కరలేని ఒక సాధనము కలదు. దానికి రెండు కొసలు. ఒక కొస రంధ్రములో దూరవలెను, రెండవ కొస దూరరాదు. మొదటిది దూరకున్నను, రెండవది దూరినను ఆ వస్తువును తిరస్కరింతురు. ఇందు వాదనకు తావు లేదు, మొగమోటమునకు తావు లేదు.

ఎండకూడ ఈ లెక్కలో చేరును. ఒక మీటరు ఉక్కు కడ్డీ 10 డిగ్రీల వేడి పెరిగినచో 115 మైక్రానులు, అనగా వెంట్రుక మందముకంటె ఎక్కువగా సాగును. అందుచే ప్రపంచమంతట సూక్ష్మ కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను ప్రమాణముగా నిర్ణయించిరి. కొలతల గదిని ఎండాకాలమున చల్లగా నుంచుట ఉద్యోగుల సుఖమునకై కాదు, కడ్డీల క్షేమమునకై.

కొలతకు ఒకే మూలము వలయును. మన దేశమున వీశెలు, మణుగులు, గజములు ప్రాంతమునకొక తీరుగా నుండెడివి. 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చినది. 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు అమలులోనికి వచ్చుట మొదలైనది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దేశపు ప్రామాణిక కొలతలను కాపాడుచున్నది. మీటరు అనగా నేడు ఒక లోహపు కడ్డీ కాదు. వెలుతురు శూన్యములో ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలమున పోవు దూరమే మీటరని 1983లో నిర్ణయింపబడినది. మీ ఊరి దుకాణములోని గజపుబద్ద చుట్టరికము తుదకు వెలుతురు వేగముతో ముడిపడియున్నది.

మన పొలములో, మన వీధిలో

పొలమున నడచు డీజిలు ఇంజనులో నూనెను చిమ్ము పంపు ఒకటి కలదు. అందలి ప్లంజరునకును దాని గొట్టమునకును నడుమ సందు సాధారణముగా రెండు మూడు మైక్రానులు మాత్రమే. నూనెను వాతావరణపు ఒత్తిడికి సుమారు 200 రెట్ల ఒత్తిడితో మంచువలె చిమ్మవలెను గనుక, అంతకంటె వదులైనచో నూనె వెనుకకు కారును. ఈ రెండింటిని జంటగా ఒరసి నునుపుచేయుదురు. కావున ఒకదాని ప్లంజరును వేరొకదానికి వేయరాదు. బండిచక్రపు పట్టా ధర్మము ఇచట మరల కనబడుచున్నది! గాలిలోని ధూళిరేణువు ఆ సందుకంటె పెద్దది. మూతలేని డబ్బాలో డీజిలు తెచ్చి, వడకట్టక పోసినచో ఆ ధూళి ఉక్కును గీరును. “ఇంజను నూనె తాగుచున్నది, పొగ వచ్చుచున్నది” యని రైతు వగచుట వెనుక తరచుగా నుండునది ఒక గుడ్డముక్కంత అశ్రద్ధ.

ఇక బోరింగు పంపు. లోతైన బోర్లపై తొలుత వేసిన పోత ఇనుప పంపులు, ఊరంతయు దినమంతయు కొట్టుటకు తాళలేక తరచుగా విరిగిపోయెడివి. 1970 దశకమున యూనిసెఫ్ తోడ్పాటుతో మన ఇంజనీర్లు ఇండియా మార్క్ 2 పంపును రూపొందించిరి. దాని పిడి బాల్ బేరింగులపై ఆడును. గొలుసు కడ్డీని నిలువుగా లాగును. దానికి భారతీయ ప్రమాణముల సంస్థ ఐఎస్ 9301 అను ప్రమాణమును వ్రాసి, ప్రతి భాగమునకు కొలతను, అనుమతింపదగిన తేడాను నిర్ణయించినది. అందుచే ఒక కర్మాగారపు పంపునకు వేరొక కర్మాగారపు భాగము సరిపడును. లక్షల సంఖ్యలో ఈ పంపులు మన దేశమునను, ఆఫ్రికా దేశములలోను పాతబడినవి. రేకుముక్క చుట్టవలసిన అవసరము లేకుండుటకే ఆ ప్రమాణము పుట్టినది. ముద్రలేని సరకును కొన్నవారు ఆ శ్రమఫలమును చేజేత విడిచినవారగుదురు.

సికింద్రాబాదు నుండి శ్రీహరికోటకు

స్వాతంత్ర్యము వచ్చిననాటికి మనకు మంచి లేతు యంత్రము కావలెనన్న చాలవరకు విదేశమునుండియే రావలెను. సికింద్రాబాదున 1943లో ప్రాగా టూల్సు స్థాపింపబడినది. 1953లో బెంగుళూరున హిందుస్థాన్ మెషీన్ టూల్సు ఆరంభమై, యంత్రములను చేయు యంత్రములు మన చేతితో తయారగుట మొదలైనది. 1968లో హైదరాబాదు బాలానగరున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడి, పదవ తరగతి చదివిన పిల్లలకు సైతము పనిముట్లు, అచ్చులు చేయు విద్యను నేర్పుచున్నది. 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్ హైదరాబాదున రాకెట్లకు కావలసిన ప్రత్యేకమైన ఉక్కును, టైటానియము మిశ్రమ లోహములను తయారుచేయుచున్నది.

ఇట్టి కర్మాగారముల ఫలము శ్రీహరికోటలో ఆకాశమున కెగసినది. అచటినుండి 1979 ఆగస్టు 10న మన మొదటి ఉపగ్రహ వాహక రాకెట్టు ఎస్‌ఎల్‌వి-3ను ప్రయోగించిరి. అది అయిదు నిమిషములకు కొంచెము మించి ఎగిరి బంగాళాఖాతమున పడినది. రెండవ అంచెను అదుపుచేయు వ్యవస్థలో ఒక కవాటము సరిగా మూసుకొనక, అందలి ద్రవము కారిపోవుటయే కారణమని తేలినది. శాస్త్రజ్ఞులు తప్పును దాచలేదు. వెదకి పట్టుకొని సరిదిద్దిరి. సంవత్సరము తిరుగకుండగనే, 1980 జూలై 18న అదే తరగతి రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నుంచినది.

దూరము పెరిగినకొలది చిన్న తప్పు పెద్దదగును. గోడగడియారపు పెద్దముల్లు పది సెకనులలో కదలునది ఒక డిగ్రీ కోణము, కంటికి దాదాపు తెలియనంత. అంత పక్కకు గురిపెట్టి తిన్నగా పోయినచో, 3,84,400 కిలోమీటర్ల దూరమందలి చంద్రుని కడకు చేరునప్పటికి 6,700 కిలోమీటర్లు తొలగిపోవుదుము. చంద్రుని వ్యాసమే సుమారు 3,475 కిలోమీటర్లు! అందుచే నౌక మార్గమధ్యమున మాటిమాటికి తన దారిని కొలుచుకొనుచు, సరిదిద్దుకొనుచు పోవును. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 దిగునౌక చివరి ఘట్టమున వేగమును అనుకొన్నట్లు తగ్గించుకొనలేక చంద్రునిపై బలముగా పడిపోయినది. ఆ అనుభవముతో సవరింపబడిన చంద్రయాన్-3 నౌక 2023 జూలై 14న శ్రీహరికోటనుండి బయలుదేరి, ఆగస్టు 23 సాయంకాలమున చంద్రుని దక్షిణ ధ్రువప్రాంతము చెంత మెల్లగా దిగినది. ఆ ప్రాంతమున అట్లు దిగిన మొదటి దేశము మనదే.

కొలబద్దయే తప్పినచో

సూక్ష్మతయే చాలునా? చాలదు. అమెరికావారు 1990లో హబుల్ అను గొప్ప దూరదర్శినిని అంతరిక్షమున నిలిపిరి. దాని అద్దము వెడల్పు 2.4 మీటర్లు. అంత నునుపైన పెద్ద అద్దము అరుదు. కాని తీసిన చిత్రములు మసకబారి వచ్చినవి. అద్దపు అంచు ఉండవలసిన దానికంటె సుమారు 2 మైక్రానులు ఎక్కువ చదునుగా నున్నది. కారణమేమి? అద్దమును పరీక్షించు సాధనములోనే ఒక భాగము 1.3 మిల్లీమీటర్లు స్థానము తప్పి బిగింపబడినది. పనివారు ఆ తప్పు కొలబద్దకు అతిశ్రద్ధతో, అతిసూక్ష్మముగా సరిపోవునట్లు అద్దమును నునుపుచేసిరి. అంతకంటె విచారకరమైనది వేరొకటి. ఇతర సాధనములు తప్పును చూపినను, అవి తక్కువరకమువని త్రోసిపుచ్చిరి. 1993 డిసెంబరులో వ్యోమగాములు పోయి సరిదిద్దువరకు ఆ లోపము తీరలేదు.

1999 సెప్టెంబరులో వేరొక వింత. అంగారక గ్రహమునకు పంపిన అమెరికా నౌక ఒకటి గ్రహము చెంత మరీ క్రిందుగా పోయి నాశమైనది. నేలపై లెక్కలు కట్టినవారిలో ఒక పక్షము బలమును పౌండ్లలో ఇచ్చినది, రెండవ పక్షము న్యూటనులని అనుకొన్నది. ఇరువురి లెక్కలును వేర్వేరుగా సరియైనవే! ఎకరములు, హెక్టార్లు, అడుగులు, మీటర్లు కలగలిపి పట్టీలు వ్రాయు మనకు ఈ కథ దూరపుది కాదు.

పంచాయతీ చేయదగిన పని

ఇంత చెప్పుట సభ్యులను ఇంజనీర్లను చేయుటకు కాదు. నాలుగు అలవాట్లు చాలును.

మొదటిది, పంపులకు, మోటార్లకు విడిభాగములు కొనునపుడు ధరతోపాటు ప్రమాణముద్రను చూడవలెను. తీర్మానములో ప్రమాణపు సంఖ్యను వ్రాయించవలెను. తక్కువ ధరకు దొరకిన బేరింగు పిడిని తినివేసినచో అది చౌక కాదు.

రెండవది, రేషను దుకాణములోను, పాలకేంద్రములోను, ధాన్యము కొనుగోలు కేంద్రములోను తూకపు యంత్రమునకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర యున్నదా, గడువు దాటలేదా యని విచారింపవలెను. అనుమానమున్నచో ఒకే బస్తాను రెండు కాటాలపై తూచవలెను. రెండు లెక్కలు కలియనపుడు మనకు నచ్చినదానిని మాత్రమే నమ్మరాదు. హబుల్ నేర్పిన పాఠ మిదియే.

మూడవది, రోడ్డు, కాలువ పనులను కొలతల పుస్తకములో నెక్కించునాడు సభ్యులు టేపు రెండవ కొసను పట్టుకొని నిలువవలెను. ఏ కొలత అడుగులలోనో, ఏది మీటర్లలోనో పక్కనే వ్రాయించవలెను. ఇది ఎవరినో అనుమానించుట కాదు. మూడవ పలకవలె సాక్షిగా నిలుచుట.

నాలుగవది, చేతిపని యందు ఆసక్తి గల బాలబాలికలను గుర్తించి ఐటిఐలకును, పనిముట్ల శిక్షణ సంస్థలకును పంపవలెను. హైదరాబాదు పరిసరములందలి కర్మాగారములు పెక్కు అంతరిక్ష సంస్థకు భాగములు చేసియిచ్చుచున్నవి. అచట మైక్రానులతో పనిచేయు చేతులు మీ ఊరి చేతులు కారాదా? కమ్మరి కొలిమి కడ పట్టా పరిమాణమును కంటితో నిర్ణయించిన తాత బుద్ధి మనుమరాలి చేతిలో మైక్రోమీటరై నిలువవచ్చును.

ఆరంభమున చెప్పిన గ్రామమున పంపు మరల నడచుచున్నది. పంచాయతీ కార్యదర్శి ఆ అరిగిన బేరింగును పారవేయక కార్యాలయపు బీరువాలో నుంచిరి. ఎందులకని అడిగితిని. “వచ్చే సంవత్సరము విడిభాగములు కొనునపుడు సభ్యుల యెదుట బల్లపై పెట్టుటకు” అనిరి.